పంటు ముక్కు ఒక వైపు, ప్రయాణం ఇంకో వైపు

గోదావరి ఒడ్డున నర్సాపురం రేవులో, మనుషుల్నీ బళ్లనీ నది దాటించే పంటు ఎక్కి అవతలి ఒడ్డున ఉన్న సఖినేటిపల్లి వెళ్లినవాళ్లందరూ ఈ సంగతి చూసే ఉంటారు, కాకపోతే బండి స్టాండు సరిగ్గా వేశామా లేదా అన్న కంగారులో పట్టించుకుని ఉండరు. మొన్న సెలవులకి వచ్చిన మా మేనల్లుడు పట్టించుకున్నాడు. తొమ్మిదో తరగతి. పంటు రేవు వదలగానే కమ్మీ పట్టుకుని అవతలి ఒడ్డు వంక చూసి, "మావయ్యా, సరంగు గారు రేవు వదిలేసి ఎటో పోతున్నారేంటి?" అన్నాడు. సరంగు అంటే పంటు నడిపే ఆయన. నిజమే, పంటు ముక్కు సఖినేటిపల్లి రేవు మీద లేదు, దానికి బాగా ఎడంగా, ఎగువన ఉన్న కొబ్బరిచెట్ల మీద ఉంది. అయినా పంటు వెళ్లి ఆగింది రేవులోనే.

"ఇది మీ పుస్తకంలో ఉందిరా, చలనం పాఠం" అన్నాను. వాడు మొహం మాడ్చుకున్నాడు. ఆ పాఠంలో వడి వేరు, వేగం వేరు అని రాసి ఉందట, రెండూ స్పీడే కదా, ఎందుకీ గోల అని వాడి బాధ. అడిగింది తప్పేం కాదు. నేనూ ఆ వయసులో బట్టీ పట్టి మార్కులు తెచ్చుకున్నవాణ్ణే. అర్థమైంది మాత్రం చాలా ఏళ్ల తర్వాత, ఇదే పంటు మీద. కాబట్టి ఈ పాఠాన్ని నదిలోంచే మొదలుపెడదాం.

ముందు ఒక చిన్న ప్రశ్న. పంటు మీద కదలకుండా నిలబడ్డ మనిషి కదులుతున్నాడా, లేదా? పక్కన బైకు మీద కూర్చున్నాయన్ని అడిగితే లేదంటాడు, ఒడ్డున పకోడీలు వేసే ఆవిణ్ణి అడిగితే వెళ్లిపోతున్నాడంటుంది. ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు. కదలిక అనేది రంగులాగా, బరువులాగా వస్తువుకి అంటిపెట్టుకుని ఉండే గుణం కాదు, చూసేవాడికీ వస్తువుకీ మధ్య ఉండే లెక్క. "కదులుతోంది" అని ఎవరన్నా, పైకి అన్నా అనకపోయినా, "దేనితో పోలిస్తే" అన్న మాట దాని వెనక ఉంటుంది. చలనం పాఠంలో జనం తడబడే చోట్లు సగానికి సగం ఈ మాట మర్చిపోవడం వల్ల వచ్చినవేనని నా అభిప్రాయం.

ఇది మనకి కొత్త విషయం కూడా కాదు. క్రీ.శ. 499 నాటి ఆర్యభటీయంలో ఆర్యభటుడు సరిగ్గా పడవనే ఉదాహరణగా తీసుకున్నాడు. ముందుకి పోయే పడవలో కూర్చున్నవాడికి ఒడ్డున కదలకుండా ఉన్నవన్నీ వెనక్కి పోతున్నట్టు కనపడతాయి, అలాగే కదలని నక్షత్రాలు పడమటికి పోతున్నట్టు మనకి కనపడతాయి అన్నాడు. అంటే తిరిగేది ఆకాశం కాదు, మనం కూర్చున్న భూమి. గోదావరి జిల్లాల అక్షాంశం దగ్గర భూమి తన చుట్టూ తాను తిరిగే స్పీడు గంటకి సుమారు 1,600 కిలోమీటర్లు. పకోడీల బాణలి, నూనె, ఆవిడ, కింద ఇసుక, అన్నీ ఆ స్పీడుతోనే పోతున్నాయి. నూనె ఒలకదు, ఎందుకంటే అన్నీ కలిసే పోతున్నాయి.

ఆ ఒలకకపోవడం దగ్గర కాస్త ఆగాలి. పంటు నదిలో ఒకే తీరుగా పోతున్నప్పుడు మావాడి చేత రూపాయి బిళ్ల పైకి ఎగరేయించాను. అది గాల్లో ఉన్నంతసేపూ పంటు ముందుకి పోతోంది కదా, మరి బిళ్ల వెనక పడాలి కదా? పడలేదు, చేతిలోకే వచ్చింది. చేయి వదిలేటప్పటికే ఆ బిళ్లకి పంటు వేగం ఉంది, గాల్లోకి లేచినంత మాత్రాన అది పోదు. పైకీ కిందకీ పోయే కదలిక వేరుగా, పంటుతో పాటు ముందుకి పోయే కదలిక వేరుగా, ఒకదానికొకటి అడ్డం రాకుండా జరిగిపోతాయి. గెలీలియో 1632లో ఓడని ఉదాహరణగా పెట్టి చెప్పింది ఇదే: ఓడ అడుగు గదిలో తలుపులు మూసుకుని కూర్చుంటే, ఓడ కుదుపు లేకుండా ఒకే తీరున పోతున్నంతసేపూ, అది కదులుతోందో ఆగి ఉందో లోపల ఏ ప్రయోగం చేసినా కనిపెట్టలేవు.

ఇప్పుడు వడి, వేగం. వడి అంటే ఎంత స్పీడు అన్నది, అంతే, స్పీడోమీటరు ముల్లు చూపించేది. వేగం అంటే ఎంత స్పీడు, ఎటువైపు అన్న రెండూ కలిపి. మామూలు మాటల్లో మనం రెంటినీ కలిపేస్తాం, కలిపేసినా కూరల కొట్టుకి పోయి రావడానికి ఇబ్బంది లేదు. నదిలో మాత్రం కుదరదు. దూరం, స్థానభ్రంశం అన్న జంట కూడా ఇలాంటిదే. నర్సాపురం నుంచి సఖినేటిపల్లికి చించినాడ వంతెన మీదుగా బండి మీద వెళ్తే మీటరు మీద తిరిగేది దూరం, పెట్రోలు ఖర్చు దాన్ని బట్టే. మొదలుపెట్టిన చోటు నుంచి చేరిన చోటుకి గీసిన సూటి గీత స్థానభ్రంశం, అది వశిష్ఠ గోదావరి అడ్డం, అంతే. సాయంత్రానికి మళ్లీ ఇంటికి వచ్చేస్తే దూరం రెట్టింపవుతుంది, స్థానభ్రంశం సున్నా. రోజంతా తిరిగి సున్నా ఏంటని మావాడికి కోపం వచ్చింది గానీ లెక్క అంతే.

సగటు వడిలో ఇంకో తిరకాసు ఉంది, పెద్దవాళ్లు కూడా పడతారు. 60 కిలోమీటర్లు గంటకి 60 చొప్పున వెళ్లి, అదే దారిలో గంటకి 30 చొప్పున తిరిగొస్తే సగటు ఎంత? 45 అని నోట్లోంచి వచ్చేస్తుంది. వెళ్లడానికి గంట, రావడానికి 2 గంటలు, మొత్తం 3 గంటల్లో 120 కిలోమీటర్లు, అంటే 40. నెమ్మదిగా పోయిన దారి ఎక్కువ సమయం తింటుంది, అందుకని సగటుని కిందకి లాగుతుంది. సరే, దీన్ని ఇక్కడ వదిలేద్దాం.

సరంగు గారి ముక్కు సంగతికి వద్దాం. లెక్క తేలికగా ఉండటానికి నది వెడల్పు 1 కిలోమీటరు, నిలకడ నీళ్లలో పంటు స్పీడు గంటకి 10 కిలోమీటర్లు, నీళ్లు దిగువకి గంటకి 2 కిలోమీటర్ల చొప్పున పారుతున్నాయి అనుకుందాం. ముక్కుని సూటిగా రేవు మీదే పెట్టి నడిపితే ఏమవుతుంది? అడ్డంగా 1 కిలోమీటరు దాటడానికి 6 నిమిషాలు. ఆ 6 నిమిషాల్లోనూ నీళ్లు పంటుని 200 మీటర్లు దిగువకి లాక్కుపోతాయి. ఒడ్డుకి చేరతాం, కానీ రేవుకి కాదు. ఇక్కడ చూడాల్సిందేంటంటే, ప్రవాహం ఎంతున్నా ఆ 6 నిమిషాలు మారవు, ఎందుకంటే నీళ్లు దిగువకి తోస్తాయే గానీ అవతలి ఒడ్డుని దగ్గరా చెయ్యవు, దూరమూ చెయ్యవు. రూపాయి బిళ్ల కథే ఇది, రెండు కదలికలు, దేని దారి దానిది.

రేవులోకే చేరాలంటే నీళ్లు దిగువకి లాగే 2 కిలోమీటర్లని కొట్టేయడానికి ముక్కుని కొంచెం ఎగువకి తిప్పాలి. ఈ లెక్కకి పదకొండున్నర డిగ్రీలు తిప్పితే సరిపోతుంది. అప్పుడు ఇంజను బలంలో కొంత ప్రవాహంతో పెనుగులాటకి పోతుంది, అడ్డంగా మిగిలే వేగం గంటకి 9.8 కిలోమీటర్లు, 6 నిమిషాల మీద ఇంకో 7 సెకన్లు పడుతుంది. ఇంతే. ముక్కు చూసే దిక్కు నీళ్లతో పోలిస్తే పంటు వేగం, నీళ్ల పారుదల ఒడ్డుతో పోలిస్తే నీళ్ల వేగం, రెండూ కలిస్తే ఒడ్డున నిలబడ్డవాడికి కనపడే వేగం. "దేనితో పోలిస్తే" అన్న మాట చెప్పకుండా ఈ వాక్యం రాయడం కుదరదు, చూడండి.

అదే ప్రవాహం గంటకి 8 కిలోమీటర్లయితే? ముక్కుని 53 డిగ్రీలు ఎగువకి తిప్పేయాలి, అడ్డంగా మిగిలేది 6, దాటడానికి 10 నిమిషాలు. ప్రవాహం 10 దాటితే ఇంజను ఎంత మొత్తుకున్నా ఎదురు రేవులో దిగడం అసంభవం, ఎక్కడో దిగువన తేలాలి. వరదల్లో పంటు ఆపేయడానికి ఇదొక్కటే కారణం కాదనుకోండి, దుంగలు కొట్టుకొస్తాయి, సుడులుంటాయి, కానీ ఈ లెక్క కూడా అందులో ఉంది. ధవళేశ్వరం దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక ఎత్తేది 10 లక్షల క్యూసెక్కులకి. క్యూసెక్కు అంటే సెకనుకి ఒక ఘనపుటడుగు, 28.3 లీటర్లు. అది నీళ్ల వేగం కాదు, ఎంత నీరు పోతోందన్న లెక్క. అన్నే నీళ్లు ఇరుకు దారిలో పోవాలంటే వేగం పెరగాలి, వెడల్పూ లోతూ దొరికితే నెమ్మదిస్తాయి. గోదావరి రాజమండ్రి దగ్గర సముద్రంలా పరుచుకుని నిదానంగా ఉన్నట్టు కనపడినా దాని మాట నమ్మడానికి లేదు.

నర్సాపురం దగ్గర ఇంకో విశేషం ఉంది. సముద్రం దగ్గర కాబట్టి పోటు సమయంలో నీళ్లు వెనక్కి, ఎగువకి పారతాయి. ఆటు వచ్చేసరికి మళ్లీ దిగువకి. పొద్దున్న ముక్కు ఎగువకి తిప్పిన సరంగు గారే సాయంత్రం దిగువకి తిప్పి నడపడం చూస్తాం. పుస్తకంలో వేగానికి మైనస్ గుర్తు పెడితే పిల్లలు బిక్కచచ్చిపోతారు గానీ, మైనస్ అంటే ఇంతే, అటు బదులు ఇటు. దిగువ ప్లస్ అనుకుంటే పోటు నీళ్లు మైనస్. వడికి మైనస్ ఉండదు, వేగానికి ఉంటుంది. మావాడి గోలకి జవాబు ఇక్కడ దొరికింది.

ఇక త్వరణం. నా లెక్కలో చలనం పాఠంలో ఎక్కువమందిని ముంచేది ఇదే, పేరు వల్ల. త్వర అంటే తొందర కాబట్టి స్పీడుగా పోతే త్వరణం ఎక్కువ అనుకుంటారు. కాదు. కారు 80 మీద సూటిగా, నిలకడగా పోతోందంటే త్వరణం సున్నా. వేగం ఎంత చప్పున మారుతోందన్నదే త్వరణం. పెరిగినా, తగ్గినా, దిక్కు మారినా అన్నీ త్వరణమే. కాలవ గట్టు మీద మలుపు తిరిగే ఆటో ముల్లు 30 మీదే ఉన్నా దానికి త్వరణం ఉంది, దిక్కు మారుతోంది కాబట్టి. అప్పుడు మనం పక్కవాడి మీద పడేది ఎవరో బయటికి తోసినందుకు కాదు, మన ఒళ్లు సూటిగా పోబోతుంటే ఆటో మన కింద నుంచి తిరిగిపోయినందుకు.

బ్రేకు కూడా త్వరణమే, వెనక వైపుకి. గంటకి 36 కిలోమీటర్లంటే సెకనుకి 10 మీటర్లు (3.6తో భాగించడమే). బ్రేకు సెకను సెకనుకీ 5 మీటర్ల చొప్పున వేగం తగ్గిస్తుందనుకుంటే బండి ఆగడానికి 2 సెకన్లు, ఈలోగా పోయేది 10 మీటర్లు. 72 మీద అయితే 4 సెకన్లు, పోయేది 20 మీటర్లు కాదు, 40. స్పీడు రెట్టింపైతే ఆగే దూరం నాలుగింతలు, ఎందుకంటే ఆగడానికి పట్టే సమయమూ రెట్టింపు, ఆ సమయంలో పోయే సగటు వేగమూ రెట్టింపు. దీనికి గేదెని చూసి కాలు బ్రేకు మీదకి పోయేలోపు గడిచే ఒక సెకను కలపండి, మొదటి దానికి మొత్తం 20 మీటర్లు, రెండో దానికి 60. కోతల రోజుల్లో రోడ్డు మీద వడ్లు ఎండబోసి ఉంటే ఈ లెక్కలేవీ చెల్లవు, టైరు కింద గింజలు దొర్లుతాయి, పట్టు దొరకదు, బ్రేకు నొక్కినా బండి వింటే కదా.

త్వరణాన్ని కళ్లతో చూడాలంటే మనకి కొబ్బరితోట ఉండనే ఉంది. కిందపడే వస్తువు వేగం, గాలి అడ్డుని పక్కన పెడితే, ప్రతి సెకనుకీ సెకనుకి 9.8 మీటర్ల చొప్పున పెరుగుతుంది. 15 మీటర్ల ఎత్తు నుంచి, అంటే దగ్గర దగ్గర 50 అడుగులు, దింపు తీసేవాళ్లు వదిలిన కాయ నేలకి రావడానికి ఒకటిముప్పావు సెకను పడుతుంది. నేల తాకేటప్పటికి దాని వేగం సెకనుకి 17 మీటర్ల పైన, గంటకి 60 కిలోమీటర్లు దాటుతుంది. మొదటి అర సెకనులో కాయ దిగేది 1.2 మీటర్లే, రెండో అర సెకనులో 3.7, మూడో అర సెకనులో 6.1. ఇవి 1, 3, 5 వరసలో పెరుగుతాయి, గెలీలియో వాలుబల్ల మీద బంతులు దొర్లించి పట్టుకున్న వరస ఇదే. చివరి పావు సెకనులోనే మన కాయ 4 మీటర్లు దిగుతుంది. దింపు జరుగుతుంటే చెట్టు కిందకి రావద్దని అరిచేది ఇందుకే, తలెత్తి చూసి తప్పుకునే వ్యవధి ఉండదు.

పెద్ద కాయా, చిన్న పిందే ఒకేసారి రాలితే ఏది ముందు పడుతుంది? కాయే అని ప్రమాణం చేసి చెప్పేవాళ్లని చూశాను. రెండూ దాదాపు ఒకేసారి పడతాయి. కాయని భూమి ఎక్కువ బలంతో లాగే మాట నిజమే, కానీ కాయని కదిలించడం కూడా అంతకంత కష్టమే, రెండూ సరికి సరి. ఎండిన ఈనెలు, ఆకులు తేలుతూ నెమ్మదిగా రావడం గాలి చేసే పని. గాలి లేని చోట ఏమవుతుందో 1971లో అపోలో 15 వ్యోమగామి డేవిడ్ స్కాట్ చంద్రుడి మీద సుత్తీ, ఈకా ఒకేసారి వదిలి చూపించాడు. రెండూ కలిసే పడ్డాయి.

ఇక్కడి నుంచి అసలు చిక్కుముడి. కదలడానికి బలం కావాలా? మన అనుభవం మొత్తం కావాలనే చెబుతుంది. ఎడ్లు లాగడం ఆపితే బండి ఆగుతుంది, తొక్కడం మానేస్తే సైకిలు ఆగుతుంది. అరిస్టాటిల్ కూడా అలాగే అనుకున్నాడు, రెండు వేల ఏళ్లు లోకం దాదాపు ఆ మాట మీదే ఉంది. ఆయన్ని వెర్రివాడు అనడానికి లేదు, కళ్లకి కనపడింది చెప్పాడు. కనపడనిది ఘర్షణ.

భీష్మ ఏకాదశి నాడు అంతర్వేది రథం లాగినవాళ్లకి ఇది చేతులకి తెలుసు. మోకులు పట్టుకుని వందలమంది లాగినా మొదట రథం ఉలకదు, పలకదు. లాగుతున్నాం, కదలడం లేదు, అంటే మన బలానికి సమానంగా చక్రాల దగ్గర ఏదో వెనక్కి పట్టి ఉంచుతోంది. ఇంకాస్త గట్టిగా లాగేసరికి ఆ పట్టు ఒక్కసారి తెగుతుంది, రథం కదులుతుంది, ఆ తర్వాత అంత బలం అక్కర్లేదు. నిలబడి ఉన్నదాన్ని కదిలించడం కష్టం, కదిలినదాన్ని నడిపించడం తేలిక. కదిలినదాన్ని ఆపడం మళ్లీ కష్టం, అందుకే చక్రాల పక్కన చెక్క దిమ్మలు పట్టుకుని కొందరు సిద్ధంగా నడుస్తుంటారు, నాకైతే ఆ ఊరేగింపులో అందరికన్నా గుండె ధైర్యం ఉన్నవాళ్లు వాళ్లే.

రథం ఒకే తీరున నడుస్తున్నప్పుడు జనం లాగుతున్న బలం ఘర్షణని కొట్టేయడానికే సరిపోతోంది, నికరంగా రథం మీద మిగిలే బలం సున్నా. న్యూటన్ 1687లో పెట్టిన మొదటి నియమం ఇదే: నికర బలం లేకపోతే ఆగి ఉన్నది ఆగే ఉంటుంది, పోతున్నది సూటిగా అదే వేగంతో పోతూనే ఉంటుంది. బలం పని కదలికని నిలబెట్టడం కాదు, మార్చడం. మార్పే త్వరణం కాబట్టి రెండో నియమం దానంతటదే వచ్చేస్తుంది, ఒకే బలానికి బరువైన వస్తువు తక్కువ మారుతుంది, తేలికది ఎక్కువ మారుతుంది. మారడానికి ఒప్పుకోని ఆ మొండితనమే జడత్వం.

మూడో నియమం నేను బురదలో నేర్చుకున్నాను. చిన్నప్పుడు మా తాతయ్య వాళ్ల ఊరి కాలవలో చిన్న పడవ గట్టుకి మూరెడు దూరంలో ఉండగా, తాడు కట్టకముందే హుషారుగా గట్టు మీదకి గెంతాను. పడవ నా కాళ్ల కింద నుంచి వెనక్కి జారిపోయింది, నేను గట్టుకీ పడవకీ మధ్య మోకాల్లోతు బురదలో దిగబడ్డాను. గట్టు మీదకి పోవాలంటే నేను పడవని వెనక్కి తన్నాలి, అది నన్ను అంతే బలంతో ముందుకి తన్నాలి. పడవ బరువు నాకు రెండింతలుంటే, నేను సెకనుకి 2 మీటర్ల వేగంతో ముందుకి పోతే, అది సెకనుకి 1 మీటరు వెనక్కి పోతుంది. పంటు మీద నుంచి గెంతితే ఇది తెలియదు, అది నాకు వందల రెట్లు బరువు. గెడ వేసి నడిపే పడవ కూడా అంతే, నది అడుగుని వెనక్కి నెడితే అడుగు పడవని ముందుకి నెడుతుంది. చర్యా ప్రతిచర్యా సమానమైతే కొట్టేసుకోవా అని మావాడు అడిగాడు. కొట్టేసుకోవు, ఒకటి పడవ మీద పనిచేస్తోంది, ఇంకోటి నా మీద. ఒకడి జేబులో పడ్డ డబ్బుతో ఇంకొకడి అప్పు తీరదు కదా.

తిరుగు ప్రయాణంలో పోటు మొదలైంది, ముక్కు ఈసారి దిగువకి ఉంది. నర్సాపురం రేవు ఇంకా కొంత దూరం ఉండగానే సరంగు గారు ఇంజను ఆపేశారు. మోత ఆగినా పంటు వస్తూనే ఉంది, నీళ్లు దాన్ని కొంచెం కొంచెంగా పట్టి ఆపుతున్నాయి. బైకులవాళ్లు అప్పటికే ఎక్కి కూర్చుని సెల్ఫ్ కొడుతున్నారు. పంటు రేవుకి తగిలి ఒక్క కుదుపు కుదిపేసరికి ఫోను చూసుకుంటున్న నాతో సహా అందరం ముందుకి తూలాం. మావాడు మాత్రం ఇంజను ఆగినప్పుడే రెండు చేతులతో కమ్మీ పట్టుకుని నిలబడి ఉన్నాడు.